తొలగిపోవువరకు కనిపెట్టుట



మన సంఘాల్లో "కనిపెట్టుట" అనే మాట బాగా వాడుకలో ఉన్నది. ప్రార్థనలో నిలబడిన ప్రతివారూ ప్రభువు కొరకు కనిపెట్టుచున్నామని చెబుతారు. ఆ మాటకు మన ఊళ్లలో ఇంకొక అర్థం కూడా ఉంది. చేనుకు పందులు పడకుండా కావలివాడు రాత్రంతా కనిపెట్టుకొని ఉంటాడు. ఎదురుచూచుట, కన్ను వేసి ఉంచుట అనే రెండు అర్థాలు ఒకే మాటలో ఎందుకున్నాయో మేము చాలాకాలం ఆలోచించలేదు. మా పెద్దమ్మాయి చేసే కంప్యూటరు ఉద్యోగం చూచిన తరువాత అది మాకు కొంత తెలిసింది. ఆ సంగతి మన కుటుంబాలకు కూడా మేలుకరంగా ఉంటుందని తలంచి ఇది వ్రాస్తున్నాము.

మేమిద్దరం జహీరాబాదులో ఉంటాము. అమ్మాయి హైదరాబాదులో పనిచేస్తుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆ పనిని ఇంటికే తెచ్చుకొని ఏడాదికి పైగా మా దగ్గరే ఉన్నది. ఆదివారం ఆరాధన అయిన తరువాత పెద్దలు "అమ్మాయి చేసేది ఏం పని?" అని అడిగితే, "ఫోనులో వాడే యాప్‌లు సరిగా నడుస్తున్నాయో లేదో పరీక్ష చేసే పని" అని చెప్పేవాళ్లం. దానికి ఉద్యోగం, జీతం ఎందుకని కొందరు నవ్వేవారు. పక్కన కూర్చొని చూస్తేగాని అందులోని కష్టం మాకూ తెలియలేదు.

ఒక యాప్ జనం చేతికి రాకముందే దానిలోని ప్రతి బటన్‌ను నొక్కి చూడాలి. పేరు తప్పు వ్రాస్తే ఏమవుతుంది, డబ్బు చాలకపోతే ఏమవుతుంది, మధ్యలో సిగ్నల్ పోతే ఏమవుతుంది అని వందల విధాలుగా చూడాలి. ఏ చిన్న మార్పు చేసినా మళ్లీ మొదటినుండి అన్నీ చూడాలి. మనుషులు చేస్తే రోజులు పడుతుంది. అందుకని ఆ నొక్కే పనిని ఒక ప్రోగ్రాముకు అప్పగిస్తారు. రాత్రి అందరూ పడుకున్న తరువాత అది మనిషిలాగే తెర మీద నొక్కుతూ, వ్రాస్తూ, చదువుతూ పోతుంది. తెల్లవారేసరికి ఏది నెగ్గిందో ఏది తప్పిందో పట్టీ సిద్ధంగా ఉంటుంది.

ఇందుకు వాడే పనిముట్లలో పేరుపొందినది సెలీనియం. 2004లో అమెరికాలోని షికాగోలో థాట్‌వర్క్స్ అనే కంపెనీలో పనిచేస్తున్న జేసన్ హగ్గిన్స్ దీన్ని మొదలుపెట్టారు. అప్పట్లో ఈ రంగంలో పెద్ద కంపెనీ పేరు మెర్క్యురీ, అంటే పాదరసం. పాదరసపు విషానికి సెలీనియం విరుగుడు గదా అని హాస్యంగా ఆ పేరు పెట్టారట. ఫోను యాప్‌ల కొరకు వాడే ఆపియం తరువాత వచ్చింది. డాన్ క్యూయెలర్ అనే ఆయన 2012లో లండనులో జరిగిన సెలీనియం సభలో దాన్ని చూపించారు. ఈ రెండూ అందరికీ ఉచితమే.

ఇక అసలు చిక్కు ఎక్కడ వస్తుందో చూడండి. ఫోనులో డబ్బు పంపినప్పుడు తెర మధ్యలో ఒక చక్రం తిరుగుతుంది. "దయచేసి వేచి ఉండండి" అని కనబడుతుంది. ఆ సమయంలో తెర అంతటి మీద కంటికి అంతగా ఆనని ఒక ముసుగు పరచి ఉంటుంది. క్రింద బటన్ కనబడుతున్నా మన వేలు తగిలేది ఆ ముసుగుకే. మనిషికి కళ్లున్నాయి గనుక చక్రం పోయేదాకా ఆగుతాడు. ప్రోగ్రాముకు ఆ ఓర్పు ఎవరైనా నేర్పాలి. నేర్పకపోతే అది చక్రం తిరుగుతుండగానే నొక్కుతుంది. ఆ నొక్కు ముసుగుకు తగిలి వ్యర్థమవుతుంది. యాప్ బాగానే ఉన్నా పరీక్ష తప్పిందని పట్టీలో పడుతుంది.

నేర్పటానికి రెండు దారులున్నాయని అమ్మాయి చెప్పింది. మొదటిది గడియారం దారి. "మూడు సెకన్లు ఆగు, తరువాత నొక్కు" అని చెప్పటం. చెప్పటానికి సులువే. కాని మంచి నెట్ ఉన్న పట్నపు ఆఫీసులో చక్రం ఒక్క సెకనులో పోతుంది. మా ఇంట్లో వానపడే రోజున సిగ్నల్ ఒక్క గీతకు దిగినప్పుడు పన్నెండు సెకన్లైనా తిరుగుతూనే ఉంటుంది. మూడు సెకన్లు ఇక్కడ చాలవు, అక్కడ ఎక్కువ. పోనీ ఎందుకైనా మంచిదని ప్రతిచోటా పది సెకన్లు ఆపుదామా? రాత్రికి 800 పరీక్షలు నడిచి, ఒక్కొక్కదానిలో ఒక్కసారి పది సెకన్లు ఊరికే ఆగినా 8,000 సెకన్లు, అంటే రెండు గంటల 13 నిమిషాలు పోతాయి. అయినా పదకొండో సెకను వరకు తిరిగే చక్రం ఒకటి ఎక్కడో ఉండనే ఉంటుంది.

రెండవది కన్ను వేసి ఉంచే దారి. "చక్రం తొలగిపోయిందా అని చూస్తూ ఉండు, తొలగిన వెంటనే నొక్కు" అని చెప్పటం. సెలీనియం మనం వేరుగా చెప్పకపోతే అర సెకనుకు ఒకసారి తొంగి చూస్తుంది. ఉంటే ఆగుతుంది, లేకపోతే సాగుతుంది. ఆండ్రాయిడ్ ఫోనుల కొరకు గూగుల్ ఇచ్చిన ఒక పనిముట్టులో ఈ ఆజ్ఞ పేరే "వెయిట్ అంటిల్ గాన్". పోయేవరకు ఆగు అని దాని అర్థం. ఒక్క సెకనులో పోతే ఒక్క సెకనే ఆగుతుంది, పన్నెండైతే పన్నెండూ ఆగుతుంది. కాలం వ్యర్థం కాదు, తొందరపాటూ ఉండదు.

ఈ మాట విన్నప్పుడు మాకు నవ్వు వచ్చింది. ఇది మన వంటింట్లో ఎప్పటినుండో ఉన్న విద్యే. జహీరాబాదు ప్రాంతం అల్లానికి పేరుపడినది. అల్లం, వెల్లుల్లి నూరి నూనెలో వేసినప్పుడు ఎంతసేపు వేయించాలని క్రొత్త కోడలు అడిగితే ఏ అత్తగారూ నిమిషాలు చెప్పదు. "పచ్చివాసన పోయేదాకా వేయించమ్మా" అంటుంది. కట్టెల పొయ్యి మీద ఒక లెక్క, గ్యాసు మీద ఒక లెక్క. నలుగురికి వండితే ఒక లెక్క, పెండ్లికి వండితే ఒక లెక్క. గడియారం చూచి వండితే కూర చెడుతుంది. అలాగే కందులు ఆరబోసిన రైతు మూడు రోజులైనవి గనుక సంచులకెత్తుదామనడు. గింజ పంటి క్రింద కొరికి తేమ పోయిందో లేదో చూస్తాడు.

అటు తరువాత పరిశుద్ధ గ్రంథము చదువుచుండగా ఈ రెండు దారులూ అక్కడ కూడా మాకు కనబడినవి.

మొదటి సమూయేలు 13వ అధ్యాయములో సౌలు గిల్గాలులో ఉన్నాడు. ఫిలిష్తీయులు సముద్రపు ఇసుకవలె కూడివచ్చారు. జనులు చెదరిపోతున్నారు. ఏడు దినములు ఆగాడు, సమూయేలు రాలేదు. తానే దహనబలి అర్పించాడు. అర్పించి చాలించగానే సమూయేలు వచ్చాడు. పాపం, ఏడు దినములు ఆగాడు గదా, అతని తప్పేమిటని అడిగేవారున్నారు. 10వ అధ్యాయము తిరగవేసి చూడండి. సమూయేలు చెప్పినది ఏడు దినములు మాత్రమే కాదు, నేను వచ్చువరకు ఆగుమని కూడా చెప్పాడు. సౌలు దినములు లెక్కపెట్టాడు, రావలసిన మనిషిని విడిచిపెట్టాడు. అది గడియారం దారి.

సంఖ్యాకాండము 9వ అధ్యాయములో ఇశ్రాయేలీయులు మేఘమును కనిపెట్టుకొని నడిచారు. మేఘము మందిరము మీద నిలిచి ఉన్నంతకాలము గుడారాలు కదిలించలేదు. అది రెండు దినములు కావచ్చు, నెల కావచ్చు, ఏడాది కావచ్చు. మేఘము పైకెత్తబడినప్పుడు పగలైనా రాత్రియైనా బయలుదేరారు. ఎన్నాళ్లు ఉండాలో వారికి ముందుగా చెప్పబడలేదు. ఏది తొలగితే కదలాలో మాత్రం చెప్పబడింది. ఇంటిలో ఎవరో ఒకరి చూపు ఎప్పుడూ ఆ మేఘము మీద ఉండవలసి వచ్చియుంటుంది.

నోవహు సంగతి మరి విశేషము. ఆదికాండము 8వ అధ్యాయములో నీళ్లు తీసిపోవుట కొరకు ఆయన ఊరికే కూర్చోలేదు. కిటికీ తీసి కాకిని పంపాడు, పావురమును పంపాడు. పావురము కాలు మోపటానికి చోటు దొరకక తిరిగివచ్చింది. ఏడు దినములు ఆగి మళ్లీ పంపాడు. ఒలీవ ఆకు తెచ్చింది. మరి ఏడు దినములు ఆగి మూడవసారి పంపాడు. ఈసారి తిరిగి రాలేదు. ఓడ కప్పు తీసి చూస్తే నేల ఆరియున్నది. అప్పటికైనా తొందరపడి దిగలేదు. మొదటి నెల మొదటి దినమున నేలను చూచినవాడు, దేవుడు దిగుమని చెప్పిన తరువాతనే, రెండవ నెల ఇరువది ఏడవ దినమున బయటకు వచ్చాడు. కనిపెట్టుట అనే మాటలోని రెండు అర్థాలూ ఆ ఓడ కిటికీ దగ్గర కలిసి ఉన్నవి.

అయితే ఈ రెండవ దారిలో కూడా మోసపోయే చోట్లున్నవని అమ్మాయి చెబుతుంది. బటన్ నొక్కిన తరువాత చక్రం రావటానికి రెప్పపాటు కాలం పడుతుంది. ఆ రెప్పపాటులోనే ప్రోగ్రాము తొంగి చూస్తే చక్రం లేదు. పోయిందనుకొని ముందుకు సాగి చక్రం మీదనే పోయి పడుతుంది. అది ఇంకా రానే లేదు, పోవుట ఎక్కడిది? అందుకని అనుభవం గలవారు ముందు చక్రం కనబడేవరకు చూచి, అటు తరువాత పోయేవరకు చూస్తారు. దావీదు తన పాపమును కప్పుకొని చాలాకాలము గడిపాడు. నాతాను వచ్చి ఎదుట నిలిపినప్పుడు గాని అది బయటపడలేదు, బయటపడిన తరువాతనే క్షమాపణ మాట వచ్చింది. ఇంటిలో ఒక కలహము వచ్చి, ఎవరూ దానిని నోరు తెరిచి చెప్పుకొనకుండానే సమాధానపడ్డామనుకొంటే అదీ ఇలాంటిదే.

రెండవ మోసము ఇంకా పెద్దది. సెలీనియంలో ఈ తొలగిపోవుటను చూచే ఆజ్ఞకు, వస్తువు పేజీలోనుండి పూర్తిగా తీసివేయబడినా, లోపలే ఉండి కంటికి కనబడకపోయినా రెండూ ఒకటే. రెండింటికీ "పోయింది" అనే జవాబు చెబుతుంది. ఒక్కోసారి చక్రం క్షణం దాగి, లోపల పని మిగిలి ఉన్నందువల్ల మళ్లీ వస్తుంది. అందువల్ల అమ్మాయి చక్రం పోయిందని తెలిసినా ఊరుకోదు. దాని చోట రావలసినది వచ్చిందా, రసీదు నంబరు తెర మీద పడిందా అని కూడా చూస్తుంది. నోవహుకు ఒలీవ ఆకువంటిది ఆ రసీదు.

కనబడకపోవుట వేరు, లేకపోవుట వేరు. 2022లో మా ఇంట్లో ఈ మాట ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. మా అమ్మాయి చిన్నాన్న లారీ నడుపుతాడు. బొంబాయి రోడ్డే ఆయన బ్రతుకు. మూడు వారాలుగా దగ్గు, సాయంత్రమైతే జ్వరం, మనిషి చిక్కిపోయాడు. ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష చేసి క్షయ అన్నారు. ఆరు నెలల మందు, అంతా ఉచితము. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు కలిసిన మాత్రలు, తరువాత నాలుగు నెలలు మూడు రకాలవి. రెండో నెల వచ్చేసరికి దగ్గు పోయింది, జ్వరం పోయింది, ఆకలి తిరిగి వచ్చింది. మాత్రలు వేసుకుంటే కడుపులో వికారం. అంతలో పూనాకు లోడు ఉందని కబురు వచ్చింది. "ఇక మాత్రలు చాలు" అన్నాడు.

ఆ ఆదివారం అమ్మాయి ఇంట్లోనే ఉన్నది. "చిన్నాన్నా, ఆరు నెలలన్నారు గదా?" అని అడిగింది.

"దగ్గే లేదు బిడ్డా. లేని రోగానికి మందెందుకు?"

"కనబడటం లేదు, అంతే చిన్నాన్నా. పోయిందో లేదో దగ్గు చెప్పదు, పరీక్ష చెబుతుంది. దాక్కున్నదాన్ని పోయిందనుకుంటే మా దగ్గర పరీక్ష తప్పుతుంది. నీ దగ్గర తప్పితే చిన్నమ్మ, పిల్లలు ఏం కావాలి?"

ఆయన జవాబు చెప్పలేదు. వాళ్ల చిన్నమ్మ మాత్రం మరునాటి నుండి మాత్రల అట్ట తన దగ్గరే పెట్టుకొని, ఎదుట నిలబడి మింగించేది. బండి మీద వెళ్లే రోజుల్లో లెక్కపెట్టి మూటగట్టి ఇచ్చి, ప్రొద్దున్నే ఫోను చేసేది. మందు మధ్యలో మానివేస్తే లోపల మిగిలిన క్రిములు మందుకు లొంగనివిగా మారవచ్చుననీ, అప్పుడు వైద్యము మరింత కష్టమవుతుందనీ ఆసుపత్రిలో ఆమెకు చెప్పారు. ఆరు నెలలు నిండిన తరువాత తెమడలో క్రిములు లేవని పరీక్షలో వచ్చింది. ఒళ్లు కూడా ఆరు కిలోలు పెరిగింది. దగ్గు పోవుట ఒక్కటే చూచి ఆగి ఉంటే ఆ రెండు సాక్ష్యములూ మాకు దొరికేవి కావు. ఆ దినము ఇంట్లో చేసిన స్తుతి ప్రార్థనలో మాట పెగిలినవారు తక్కువ.

మన గ్రామాల్లో ఈ జబ్బు ఉన్న ఇళ్లు ఇంకా ఉన్నవి గనుక ఒక మాట. క్షయ రోగుల పోషణకు కేంద్ర ప్రభుత్వము 2018 ఏప్రిల్ నుండి నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తూ వచ్చింది. 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేశారు. అడిగి తీసుకోండి, సిగ్గుపడవద్దు.

చివరిగా ఒక సంగతి మిగిలింది. తొలగిపోయేవరకు ఆగుమని ప్రోగ్రాముకు చెప్పేటప్పుడు ఒక హద్దు కూడా చెప్పాలి. ముప్పై సెకన్లని పెడతారనుకోండి. అప్పటికీ చక్రం పోకపోతే ప్రోగ్రాము ఆగి, ఇది పోలేదని ఎర్ర అక్షరాలతో తెలియజేస్తుంది. ఆ క్షణాన తెర ఎలా ఉన్నదో ఫొటో తీసి పెట్టేటట్టు కూడా అమ్మాయి ఏర్పాటు చేసింది. హద్దు లేకపోతే తెల్లవార్లూ ఆ ఒక్క చక్రాన్నే చూస్తూ కూర్చుంటుంది, మిగిలిన పరీక్షలన్నీ ఆగిపోతాయి. హద్దు పెట్టుట ఓర్పు లేకపోవుట కాదు. ఏదో చెడిందని, చూడవలసినవారు వచ్చి చూడాలని తెలుసుకొనే ఉపాయమది.

రెండు వారాలకు మించి దగ్గు ఉంటే పరీక్ష చేయించుకోవాలని వైద్యులు చెప్పేది కూడా ఇలాంటి హద్దే. ప్రార్థిస్తున్నాము, అదే పోతుందిలే అని నెలలు గడిపేవారు మన సంఘాల్లో ఉన్నారు. వారి విశ్వాసమును మేము తక్కువ చేయము. హిజ్కియా కన్నీటి ప్రార్థనను దేవుడు ఆలకించాడు. ఆ పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టుమని ప్రవక్త చేత చెప్పించినవాడు కూడా ఆయనే.

మరి ఎంత కనిపెట్టినా పోనివి కూడా ఉంటాయి. అపొస్తలుడైన పౌలు తన శరీరములోని ముల్లు తొలగిపోవాలని ముమ్మారు వేడుకొన్నాడు. అది పోలేదు. కాని జవాబు లేకుండా ఉండలేదు. తొలగించుటకు బదులు దానిని మోయుటకు తగిన కృప అతనికి వాగ్దానము చేయబడింది. పోలేదు అన్నది కూడా ఒక జవాబే. ఆ జవాబు విన్నవాడు గుమ్మం దగ్గర కూర్చుండిపోడు, ఉన్న ముల్లుతోనే లేచి తన పని మీద వెళ్తాడు. పౌలు అలాగే వెళ్లాడు.

ప్రియులారా, ఫోనులో చక్రం తిరుగుతున్నప్పుడు మళ్లీ మళ్లీ నొక్కవద్దు, ఒక్కోసారి డబ్బు రెండుసార్లు పోతుంది. అది తొలగిన తరువాత బ్యాంకునుండి సందేశం వచ్చిందా అని చూచుకొనండి. ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఈ మూడు ప్రశ్నలు వేసుకొనండి. మన ఇంటి మీదనుండి ఏది తొలగిపోవాలని అడుగుతున్నాము? దాని మీద మన చూపు ఉన్నదా, లేక దినములు లెక్కపెడుతున్నామా? అది నిజముగా పోయిందా, లేక కనబడకుండా ఉన్నదా? అప్పు కావచ్చు, త్రాగుడు కావచ్చు, అన్నదమ్ముల పగ కావచ్చు, రోగము కావచ్చు.

ప్రభువా, మా తొందరను అణచుము, మా నిద్రమత్తును వదిలించుము. తొలగించుట నీకు చిత్తమైనది తొలగువరకు మా కన్నులు తెరిచి ఉంచుము. తొలగనిదానిని మోయుటకు బలము దయచేయుము. ఆమేన్.